వెయ్యి డాలర్లు, ఒకే ఒక్క తూటా

తక్కువ ఖర్చుతో జింక వేటకు సిద్ధపడేవాళ్లు ముందుగా అడిగేది ‘ఏ రైఫిల్ కొనమంటారు?’ అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. నేను కాల్చే జింక తొలి తూటాకే, యాతన పడకుండా, క్షణాల్లో నేలకొరగాలంటే నా దగ్గర ఏముండాలి? ఇక్కడి నుంచి ఆలోచన మొదలుపెడితే దుకాణంలో కనిపించే వస్తువుల్లో సగం మనకు అక్కర్లేదని తెలిసిపోతుంది. మిగిలిన సగంలో దేనికెంత పెట్టాలో కూడా తేలుతుంది.

ఈ అధ్యాయమంతా ఒకే మాట చుట్టూ తిరుగుతుంది. చవక రైఫిల్ జింకకు అన్యాయం చేయదు. సాధన లేని చెయ్యి చేస్తుంది. కాబట్టి రైఫిల్ మీద కొంత తగ్గించుకుని, ఆ డబ్బును సాధనకు మిగుల్చుకోండి.

ముందు చట్టం

ఇది అమెరికాలో ఉంటున్నవాళ్ల కోసం రాసిన అధ్యాయం. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా, భారతదేశంలో మరెక్కడైనా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం జైలుకు పంపే నేరం. అమెరికాలో కథ వేరు. 1900 ప్రాంతానికి ఇక్కడ తెల్లతోక జింకలు సుమారు 5 లక్షలకు పడిపోయాయని అంచనా. లైసెన్సులు, సీజన్లు, కోటాలు పెట్టి కాపాడుకుంటూ వస్తే ఇప్పుడవి కోట్లలో ఉన్నాయి. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్ల మీద, తూటాల మీద వసూలయ్యే 11 శాతం ఎక్సైజ్ పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళ్తుంది. మీరు కొనే ప్రతి తూటా పెట్టెలోనూ ఆ వాటా ఉంటుంది.

మనవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది వీసా సంగతి. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం అంటుంది. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. స్నేహితుడి రైఫిల్‌ను షూటింగ్ రేంజిలో సరదాగా చేతిలోకి తీసుకోవడం కూడా ఈ నిషేధం కిందికే రావచ్చు. తప్పు జరిగితే ఉద్యోగం, వీసా, గ్రీన్‌కార్డు అన్నీ చిక్కులో పడతాయి. అందుకని తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు ఒక్క డాలర్ ఖర్చుపెట్టే ముందు లాయర్ని అడగండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, పౌరులకు ఈ అడ్డంకి లేదు. దుకాణంలో ఫారం 4473 నింపాలి, నేర చరిత్ర తనిఖీ జరుగుతుంది. కొనే అర్హత లేని మనిషి కోసం మీ పేరు మీద కొనిపెడితే అది నేరం. బావమరిది అడిగినా, రూమ్మేట్ అడిగినా కుదరదని చెప్పండి.

తర్వాత హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు. చాలా రాష్ట్రాల్లో ఇది లేనిదే లైసెన్సు రాదు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ ఈ కోర్సు వర్తిస్తుంది. రైఫిల్ కొనకముందే ఇది పూర్తిచేయండి. కోర్సయ్యాక మీరు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

మీ రాష్ట్రం, మీ అడవి

ఏ తుపాకీ కొనాలో సగం మీ రాష్ట్రమే చెప్పేస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే కొన్ని చోట్లు చూద్దాం. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఉంటే, టెక్సాస్‌లో సెంటర్‌ఫైర్ రైఫిల్ (తూటా అడుగున మధ్యలో దెబ్బ తగిలితే పేలేది) ఏదైనా జింకకు పనికొస్తుంది; .22 లాంటి రిమ్‌ఫైర్ (అంచున తగిలితే పేలేది) మాత్రం కుదరదు. ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటే, రైఫిల్‌తో వేటాడాలంటే మెడ దగ్గర సన్నబడని నిటారు కేసు తూటాలే వాడాలి. అంటే .350 లెజెండ్, .450 బుష్‌మాస్టర్ లాంటివి. అక్కడ మెడ సన్నబడే .308 కొంటే జింక వేటకు అది పనికిరాదు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటే, జింక మీద సెంటర్‌ఫైర్ రైఫిల్‌కే అనుమతి లేదు. షాట్‌గన్, మూతి నుంచి మందు నింపే మజిల్‌లోడర్, విల్లు వీటిలో ఒకటి ఎంచుకోవాలి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం తూటాలు పూర్తిగా నిషేధం కాబట్టి రాగి తూటాల ధర లెక్కలోకి తీసుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి. రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా వెలువరించే పుస్తకం ఉచితంగా దొరుకుతుంది, దాన్ని చదవండి.

తర్వాత చూడాల్సింది దూరం. మీరు వేటాడే చోట నిలబడి, జింక కనపడగల అతి దూరపు చోటును చూడండి. దట్టమైన అడవిలో అది 60 గజాలే కావచ్చు. పొలం గట్టున అయితే 200 గజాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 150 గజాలు దాటి కాల్చే ఆలోచన పెట్టుకోవద్దని నా సలహా. ఆ దూరంలోపు అయితే, మామూలు దుకాణాల్లో దొరికే జింక తూటాల్లో దాదాపు ఏదైనా సరిపోతుంది.

వాటిలోనూ ఎంపికకు రెండు కొలతలున్నాయి: భుజానికి తగిలే దెబ్బ, ఊళ్లో దొరకడం. 1955లో వచ్చిన .243 వించెస్టర్ దెబ్బ, 1906 నాటి .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ దెబ్బలో దాదాపు సగమే ఉంటుంది. సన్నగా ఉన్నవాళ్లకు, కొత్తవాళ్లకు అది సుఖం. 2007లో హార్నడీ కంపెనీ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ కూడా భుజాన్ని పెద్దగా బాధించదు, తూటాలూ విరివిగా దొరుకుతాయి. 1952 నాటి .308 వించెస్టర్ కొంచెం గట్టిగా తంతుంది గానీ, తూటాలు అమ్మే చోటల్లా అది ఉంటుంది. మాగ్నమ్ అని పేరున్న వాటి జోలికి వెళ్లకండి. వాటి తూటాలు ఖరీదు, దెబ్బ ఎక్కువ. దెబ్బకు భయపడిన మనిషి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూస్తాడు, భుజం ముందుకు తోస్తాడు. ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి పెట్టెలకు పెట్టెలు తూటాలు ఖర్చవుతాయి.

వెయ్యి డాలర్ల పంపకం

టెక్సాస్ లాంటి రాష్ట్రంలో, లైసెన్సు ఫీజు కాకుండా, మొత్తం వెయ్యి డాలర్లు ఉన్నాయనుకుందాం. నేనైతే ఇలా పంచుతాను:

- రైఫిల్: 450
- స్కోప్: 250
- స్కోప్‌ను బిగించే బేస్, రింగులు: 50
- తూటాలు: 150
- చెవులకు, కళ్లకు రక్షణ, భుజాన వేసుకునే పట్టీ, నారింజ రంగు చొక్కా: 100

ఈ పట్టికలో ముట్టుకోకూడనివి చివరి రెండు వరుసలు. డబ్బు సరిపోకపోతే పాత రైఫిల్ చూడండి, స్కోప్‌లో ఒక మెట్టు దిగండి. తూటాల డబ్బు మాత్రం తీయకండి. సెంటర్‌ఫైర్ రైఫిల్ పేలిన చప్పుడు ఒక్కసారికే వినికిడిని శాశ్వతంగా దెబ్బతీయగలదు. పాతిక డాలర్ల చెవి కప్పులు మీ చెవుల్ని కాపాడతాయి. నారింజ చొక్కా తోటి వేటగాడి తూటా నుంచి మిమ్మల్ని కాపాడుతుంది.

రైఫిల్: చవకైనా ఎందుకు నమ్మొచ్చు

ఒకప్పుడు చవక రైఫిల్ అంటే గురికి నమ్మకం లేదని అర్థం. ఇప్పుడలా కాదు, దానికి కారణాలున్నాయి. 1958లో వచ్చిన సావేజ్ 110లో బ్యారెల్‌ను ఒక నట్టుతో బిగించే పద్ధతి పెట్టారు. తూటా కూర్చునే చోటి కొలతను ఆ నట్టు తిప్పి సరిచేయవచ్చు కాబట్టి, నిపుణుడు గంటలు వెచ్చించి చేతితో సరిపెట్టే పని తప్పింది. కంప్యూటర్‌తో నడిచే యంత్రాలు కొలతల్లో తేడాల్ని తగ్గించాయి. వాల్‌నట్ చెక్కకు బదులు అచ్చుపోసిన ప్లాస్టిక్ స్టాక్ వచ్చింది. ఖర్చు తగ్గింది ఈ చోట్ల. బ్యారెల్ నాణ్యత తగ్గలేదు. సావేజ్ యాక్సిస్, 2012లో వచ్చిన రూగర్ అమెరికన్, మాస్‌బర్గ్ పేట్రియట్ ఈ కోవకు చెందినవే. మన 450 డాలర్లకు అటూఇటూగా ఇవి దొరుకుతాయి.

అంకెలతో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఒక రైఫిల్ 100 గజాల దగ్గర మూడు తూటాల్ని 2 అంగుళాల వెడల్పులో వేస్తుందనుకుందాం. షూటింగ్ పోటీలకు అది చాలదు. 150 గజాల దగ్గర అదే వెడల్పు 3 అంగుళాలవుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల వెడల్పుంటుంది. ఇంకో వెయ్యి డాలర్లు పెట్టి ఆ 3 అంగుళాల్ని ఒకటిన్నర చేసినా జింక దగ్గర ఫలితం మారదు.

దుకాణంలో మూడు విషయాలు చూడండి. మొదటిది, ఒంటికి సరిపోవడం. రైఫిల్ ఖాళీగా ఉందని మీరే తెరిచి చూసుకున్నాక, దుకాణదారుడి అనుమతితో సురక్షితమైన దిక్కుకు తిప్పి, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తుకోండి. కళ్లు తెరిచేసరికి తల వంచకుండా, మెడ సాచకుండా స్కోప్‌లో పూర్తి గుండ్రని చిత్రం కనిపించాలి. ట్రిగ్గర్ నుంచి స్టాక్ వెనక అంచు వరకు పొడవు మామూలుగా 13.5 అంగుళాలకు అటూఇటూ ఉంటుంది. పొట్టివాళ్లకు అది ఎక్కువవుతుంది. యాక్సిస్, రూగర్ అమెరికన్ రెండింటిలోనూ కాంపాక్ట్ పేరుతో 12.5 అంగుళాల పొడవువి ఉన్నాయి. మన ఆడవాళ్లకు చాలామందికి అవే కుదురుతాయి.

రెండోది ట్రిగ్గర్. వేలితో మెల్లగా వెనక్కి నొక్కుతుంటే గరగరలాడకుండా, ఒక్కసారిగా విడిపోవాలి. నొక్కే బరువు మూడు నాలుగు పౌండ్లుంటే చాలు. సావేజ్ ఆక్యుట్రిగ్గర్ తెచ్చాక మిగతా కంపెనీలూ సర్దుబాటు చేసుకోగల ట్రిగ్గర్లు పెట్టక తప్పలేదు. యాక్సిస్‌లో పాత రకం ట్రిగ్గర్‌తో వచ్చేవీ ఉంటాయి కాబట్టి అడిగి తీసుకోండి. మూడోది సేఫ్టీ. చలికి తొడిగిన చేతి తొడుగుతో కూడా చప్పుడు కాకుండా కదలాలి.

పాత రైఫిల్ కొనేటప్పుడు

సావేజ్ 110, రెమింగ్టన్ 700, వించెస్టర్ మోడల్ 70, అడవి దట్టంగా ఉన్నచోట .30-30 తూటా కాల్చే మార్లిన్ 336. ఇవి లక్షల సంఖ్యలో తయారయ్యాయి, పాతవి సులువుగా దొరుకుతాయి. తుపాకీ ఏడాదికి పది పదిహేను తూటాలు కాల్చి బీరువాలో ఉండిపోయే వస్తువు కాబట్టి, ముప్ఫై ఏళ్లనాటి రైఫిల్‌లో కూడా బ్యారెల్ బాగానే ఉండొచ్చు. లైసెన్సున్న దుకాణంలోనే కొనండి. దుకాణదారుడి చేత బోల్ట్ తీయించి, బ్యారెల్ లోపలికి వెలుతురు పంపి చూడండి. లోపల గాడులు పదునుగా, మెరుస్తూ ఉండాలి. నల్లటి గుంటలుంటే తుప్పు తిన్నట్టు. బ్యారెల్ మూతి అంచు మీద చిన్న సొట్ట ఉన్నా గురి చెడుతుంది. స్టాక్ మణికట్టు దగ్గర పగులు, స్క్రూల తలలు నలిగి ఉండటం, ఎవరో ఇంట్లో విప్పి బిగించిన గుర్తులు. వీటిలో ఏది కనిపించినా వదిలేయండి.

తయారీదారు వెనక్కి పిలిపించిన వాటి జాబితాలో ఆ రైఫిల్ సీరియల్ నంబరుందేమో కూడా చూడాలి. రెమింగ్టన్ కంపెనీ 2014లో ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గరున్న రైఫిళ్లను, 2006 మే నుంచి 2014 ఏప్రిల్ వరకు తయారైనవాటిని, మరమ్మతు కోసం వెనక్కి పిలిపించింది. మరమ్మతు జరిగిందని తేలనిదే అలాంటిది కొనకండి.

స్కోప్: చీకటిపడే వేళ కోసం

జింకలు తెల్లవారుజామున, సందెవేళ ఎక్కువగా తిరుగుతాయి. చాలా రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకు వేటకు అనుమతి. మీ అవకాశం ఆ మసక వెలుతురులోనే రావచ్చు. అందుకే స్కోప్‌కు డబ్బు పెట్టమంటున్నాను.

స్కోప్ మీద 3-9x40 అని ఉంటుంది. మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల వరకు దగ్గరగా చూపిస్తుందని, ముందు అద్దం వెడల్పు 40 మిల్లీమీటర్లని దాని అర్థం. ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే మీ కంటికి చేరే వెలుతురు స్తంభం వెడల్పు వస్తుంది. తొమ్మిది రెట్ల దగ్గర అది 4.4 మిల్లీమీటర్లు, ఐదు రెట్ల దగ్గర 8. మసకలో మన కనుపాప 5 నుంచి 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. కాబట్టి సందెవేళ రెట్లు తగ్గించండి, చిత్రం వెలుగుతుంది. అడవిలో నడిచేటప్పుడు మూడు దగ్గరే ఉంచండి. పక్కనే లేచిన జింక తొమ్మిది రెట్లలో గోధుమరంగు మచ్చగా కనిపిస్తుంది.

150 నుంచి 300 డాలర్ల మధ్య బరిస్, వోర్టెక్స్, లూపోల్డ్ కంపెనీల 3-9x40లు దొరుకుతాయి. వోర్టెక్స్, లూపోల్డ్‌ల వారంటీ చేతులు మారినా కొనసాగుతుంది, కాబట్టి ఆ రెండింటిలో పాతది కొన్నా భయం లేదు. అంచుల్లో లావుగా, మధ్యలో సన్నగా ఉండే మామూలు క్రాస్ గీతలు చాలు. పదహారు రెట్లు, ఇరవైనాలుగు రెట్లు, గీతల నిండా చుక్కలు, తిప్పే పెద్ద గుబ్బలు, ఇవన్నీ దూరపు పోటీలకు. స్కోప్‌కు, కంటికి మధ్య కనీసం మూడున్నర అంగుళాల ఎడం ఉండేలా చూసుకోండి. లేకపోతే రైఫిల్ తన్నినప్పుడు కనుబొమ్మ చిట్లుతుంది.

స్కోప్‌తో కలిపి పెట్టెలో అమ్మే రైఫిళ్లున్నాయి. వాటిలో రైఫిల్ మంచిదే, స్కోప్ బలహీనం. డబ్బు మరీ తక్కువైతే అదే తీసుకోండి, వచ్చే ఏడాది స్కోప్ మార్చుకోవచ్చు. ఎప్పుడూ చేయకూడనిది ఒకటుంది: దూరంగా కదిలేది ఏమిటో తెలుసుకోవడానికి స్కోప్‌లోంచి చూడటం. అది మనిషైతే మీరు ఒక మనిషికి తుపాకీ గురిపెట్టినట్టే. దానికి బైనాక్యులర్ ఉంది. పాతదైనా సరే ఒకటి సంపాదించండి.

బిగించడం, గురి సరిచేయడం

గురి తప్పుతోందని స్కోప్‌ను తిట్టేవాళ్లలో చాలామందికి అసలు లోపం రింగుల్లో ఉంటుంది. స్క్రూలు వదులైతే గురి కదిలిపోతుంది, అతిగా బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది. ఎంత బిగించాలో రింగుల తయారీదారు అంగుళం-పౌండ్లలో రాసి ఇస్తాడు. ఆ కొలత చూపే చిన్న టార్క్ స్క్రూడ్రైవర్ లేకపోతే దుకాణంలోనే బిగించమనండి. కొన్నచోట చాలాసార్లు ఉచితంగా చేస్తారు.

దుకాణంలో గురి సరిచేసి ఇచ్చామంటే అది లక్ష్యం కాగితం మీద తూటా పడేంత వరకే. మిగతాది రేంజిలో మీరే చేయాలి. వేటకు వాడబోయే తూటాతోనే చేయండి. కొసన సీసం కనిపించే సాఫ్ట్ పాయింట్ రకం మామూలు జింకకు సరైనది. పూర్తిగా లోహపు తొడుగున్నవి జింకను దాటిపోయి గాయపరుస్తాయి తప్ప త్వరగా ప్రాణం తీయవు. చాలా రాష్ట్రాల్లో అవి నిషిద్ధం కూడా.

ముందు 25 గజాల దగ్గర మూడు తూటాలు కాల్చండి. మూడూ పడిన చోటుకు మధ్య బిందువు చూసి స్కోప్ తిప్పండి. చాలా స్కోప్‌లలో ఒక క్లిక్కు 100 గజాల దగ్గర పావు అంగుళం జరుపుతుంది. 25 గజాల దగ్గర అది అంగుళంలో పదహారో వంతే. అంటే 25 గజాల దగ్గర 2 అంగుళాలు కిందపడితే 32 క్లిక్కులు పైకి. 100 గజాల దగ్గర అదే 2 అంగుళాలైతే 8 క్లిక్కులు. మధ్యకు వచ్చాక 100 గజాలకు వెళ్లి మళ్లీ మూడేసి కాల్చండి. ప్రతి మూడింటి తర్వాతా బ్యారెల్ చల్లారనివ్వండి. ఒక్క తూటాను చూసి స్కోప్ తిప్పకండి. ఆ ఒక్కటి మీ చేతి వణుకు కావచ్చు.

.308ను 100 గజాలకు సరిచేస్తే 200 గజాల దగ్గర తూటా సుమారు 4 అంగుళాలు కిందపడుతుంది. 150 గజాల లోపల ఆ లెక్క గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మధ్యకు గురిపెట్టి కాల్చవచ్చు.

పళ్లెం పరీక్ష

గురి సరిచేసేటప్పుడు రైఫిల్‌ను బల్ల మీద, ఇసుక సంచుల మీద పెట్టి కాలుస్తాం. అది రైఫిల్‌కు పరీక్ష. మీకు పెట్టుకోవాల్సిన పరీక్ష వేరే ఉంది. 8 అంగుళాల పేపర్ ప్లేటును 50 గజాల దగ్గర కట్టండి. నేల మీద కూర్చుని ఐదు, మోకాలి మీద ఐదు, కర్ర ఊతంగా నిలబడి ఐదు తూటాలు కాల్చండి. ఏ భంగిమలో ఐదూ ప్లేటులో పడ్డాయో ఆ భంగిమకు 50 గజాలు మీ దూరం. తర్వాత 75కు, 100కు జరపండి. ఎక్కడ ఒక్కటి తప్పినా ఆ భంగిమలో మీ హద్దు అంతకు ముందు దూరమే. రేంజిలో ఆ భంగిమలకు అనుమతి లేకపోతే, అనుమతి ఉన్న రేంజి వెతకండి. ఈ పరీక్ష తప్పించుకోవద్దు.

నిలబడి 50 గజాలే మీ హద్దని తేలిందనుకోండి. అడవిలో 90 గజాల దగ్గర జింక నిలబడి, కూర్చునే చోటు దొరకకపోతే మీరు కాల్చరు. ఈ నిర్ణయం ముందే జరిగిపోయింది కాబట్టి, ఆ క్షణాన గుండె దడదడలాడుతున్నా మీకు తడబాటు ఉండదు. గాయపడి పొదల్లోకి పరుగెత్తి రాత్రంతా నరకం పడే జింక మీ వల్ల ఒక్కటీ ఉండకూడదు. ఖరీదైన రైఫిల్ ఆ హామీ ఇవ్వలేదు. ఈ ప్లేటు ఇస్తుంది.

సీజన్‌కు ముందు చేయాల్సినవి

1. రాష్ట్ర నిబంధనల పుస్తకం చదవండి. మీ వీసా, వయసు, ఆయుధం, తూటా ఈ నాలుగూ కుదురుతున్నాయో లేదో రాసి పెట్టుకోండి.
2. హంటర్ ఎడ్యుకేషన్ పూర్తిచేయండి. వేట అనుభవం ఉన్న ఒకరిని అక్కడే పరిచయం చేసుకోండి.
3. వేసవిలోనే కొనండి. అక్టోబరులో కొంటే సాధనకు వారాలే మిగులుతాయి.
4. ఇంట్లో పిల్లలున్నా లేకున్నా రైఫిల్‌ను తాళం వేసి ఉంచండి, తూటాలు వేరే తాళంలో పెట్టండి. తాళంచెవి ఎక్కడుందో పిల్లలకు తెలియనివ్వకండి.
5. ప్రతి తుపాకీనీ నిండి ఉన్నట్టే పట్టుకోండి. కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గర్ బయటే ఉంచండి. లక్ష్యం వెనుక ఏముందో చూడనిదే కాల్చకండి.
6. నెలకు ఒకసారైనా పళ్లెం పరీక్ష చేసి, భంగిమ, దూరం ఒక నోటుపుస్తకంలో రాయండి.

ఏడాది గడిచాక చేతిలో ఇంకో మూడొందల డాలర్లు ఉంటే కొత్త రైఫిల్ వైపు చూడకండి. తూటాలు కొనండి, ఓ నిపుణుడి దగ్గర ఒక రోజు శిక్షణకు వెళ్లండి, 50 గజాల హద్దును 100కు పెంచుకోండి. తర్వాత ఎన్ని రైఫిళ్లు మారినా ఆ నైపుణ్యం మీతోనే ఉంటుంది.